తడి మీద నలుసు

మా బావగారు కృపానందానికి ముఖమంతా కప్పే మాస్కు ఒకటి ఉంది. రెండు పక్కలా రెండు ఫిల్టర్ డబ్బాలు, కళ్ల ముందు అద్దం. పని అయ్యాక దాన్ని తుడిచి, కవర్లో పెట్టి, గాలి చొరకుండా మూసి, బీరువాలో మా అక్క పట్టుచీరల పక్కన దాచేవాడు. బయట వదిలేస్తే ఫిల్టర్లు ఊరికే పాడైపోతాయట. ఇంత జాగ్రత్త తెలిసిన మనిషి ఇంట్లో మా అక్క ఊపిరాడక ఎలా పడిపోయిందో చెప్పాలి. చెప్తే తప్ప నా కోపం తగ్గదు. ఆ కోపంలో సగం నా మీదే.

బావగారిది రెడ్డిగూడెం. ఇరవై రెండేళ్లు విజయవాడలో బస్సు బాడీలకి రంగులు కొట్టాడు. అక్కడి పెయింటర్లకి తెలిసిన జాగ్రత్తలు రెండే. పని చేసేటప్పుడు ముక్కుకి తడి రుమాలు కట్టుకోవడం, పని అయ్యాక నోట్లో బెల్లం ముక్క వేసుకోవడం. బెల్లం తింటే లోపలికి పోయిన రంగంతా బయటికి వచ్చేస్తుందని వాళ్ల నమ్మకం. కడుపులోకి పోయిన బెల్లం ఊపిరితిత్తుల్లోకి ఏ దారిన వెళ్తుంది బావగారూ అని ఒకసారి అడిగితే, "నువ్వు టీచరమ్మవి, నీకన్నీ అనుమానాలే" అని నవ్వేశాడు. వాళ్ల మేస్త్రి విజయ్ కుమార్ కూడా రోజూ బెల్లం తిన్నవాడే. యాభై రెండేళ్లకే ఆయన గోడకి ఆనుకుని కూర్చునే నిద్రపోయే స్థితికి వచ్చాడు. పడుకుంటే ఊపిరాడదు. ఆ మేస్త్రిని చూసి వచ్చిన వారంలోనే బావగారు ఆ పని మానేసి తిరువూరు చేరాడు. చేరాక కొన్న మొదటి వస్తువు ఆ మాస్కు.

బస్సుల్ని మాత్రం వదల్లేదు. మూరెడు పొడవు బస్సులు చేయడం మొదలుపెట్టాడు. ఫోమ్ షీటు కోసి, అతికించి, కిటికీ చువ్వలు, వైపర్లు, వెనక నిచ్చెన, లోపల సీట్లు, అన్నీ ఉండాల్సిందే. డ్రైవర్లు రిటైరయ్యేటప్పుడు తోటివాళ్లు వాళ్లు నడిపిన బస్సునే, నంబరుతో సహా, ఆయన చేత చేయించి చేతికిచ్చేవాళ్లు. అన్నిటికన్నా పైన క్లియర్, అంటే రంగులేని పైపూత, కొడితేనే మెరుపు. మామూలు వార్నిష్ మా బావగారికి ఆనదు. పెద్ద బస్సులకి కొట్టేదే కావాలి. క్లియర్ ఒక డబ్బా, హార్డెనర్ ఒక డబ్బా, రెండూ కొలతగా కలిపి స్ప్రే గన్‌తో కొడితే అద్దంలా గట్టిపడుతుంది.

దానితో బాధల్లా ఒకటే. తడి మీద దుమ్ము వాలుతుంది. ఆరేలోపు ఆ నలుసుల్ని సూదితో తీసేయాలి, లేదంటే లోపలే ఉండిపోతాయి. బావగారికి దగ్గరి చూపు తగ్గింది, మాస్కులో కళ్లజోడు పట్టదు. మా అక్క రిబ్కా కళ్లేమో బియ్యంలో ఒక్క రాయిని కూడా వదలవు. అందుకని గన్ కింద పెట్టగానే ఆయన కేకేసేవాడు.

"రిబ్కా, తడి ఆరకముందే రా!"

అక్క స్టవ్ కట్టేసి, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, సూదితో వెనకగదిలోకి వెళ్లేది. బస్సు మీదికి వంగి, ముఖం జానెడు దూరంలో పెట్టి, ఒక్కో నలుసూ తీసేది. ఆయన మాస్కుతోనే పక్కన నిలబడి టార్చి పట్టేవాడు. ఏడేళ్లు ఇలాగే జరిగింది. నేను పక్క వీధిలోనే ఉంటాను, ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. నాకది ముచ్చటగా ఉండేది. "పెళ్లి ఫొటోలో కూడా మీరింత దగ్గరగా నిలబడలేదు" అని ఆటపట్టించేదాన్ని కూడా.

పోయిన వానాకాలం నుంచి అక్కకి దగ్గు పట్టుకుంది. చర్చి క్వైరులో చరణం సగంలో ఆగిపోయి మిగతావాళ్ల గొంతుల వెనక దాక్కునేది. మిరపకాయల ఘాటు అన్నారు కొందరు. పత్తి దుమ్ము అన్నారు ఇంకొందరు. బావగారు బెల్లం ముక్క పెట్టాడు.

ఫిబ్రవరిలో శౌరయ్య గారి రిటైర్మెంటు వచ్చింది. గంపలగూడెం రూట్లో పల్లెవెలుగు నడిపి నడిపి జుట్టు నెరిసిన మనిషి. శనివారం ఫంక్షన్, గురువారం పదకొండింటికి బావగారు చివరి క్లియర్ కొట్టాడు. నాకు సెలవు. వాకిట్లో కూర్చుని ఉల్లిపాయలు తరుగుతున్నాను. ఎప్పటిలాగే కేక వినపడింది, ఎప్పటిలాగే అక్క సూదితో వెళ్లింది.

మూడు నిమిషాలు కూడా కాలేదు. తలుపు పట్టుకుని బయటికి వచ్చింది. రెండడుగులు వేసి మెట్టు మీద కూలబడింది. భుజాలు పైకి లేస్తున్నాయి, గాలి మాత్రం లోపలికి పోవడం లేదు. ఛాతీలోంచి ఈల వేసినట్టు శబ్దం. "గ్లో..." అంది. నా పేరులో రెండో అక్షరానికి ఊపిరి చాల్లేదు. పెదాలు నల్లబడటం చూసి నేను కత్తిపీట తన్నుకుంటూ లేచాను.

ఎదురింటి అనిల్ కుమార్ ఆటో బయటే ఉంది. నేనూ బావగారూ కలిసి ఎక్కించాం. బస్టాండ్ దగ్గర ఇరుక్కుపోయాం. ముందు పత్తి ట్రాక్టరు, పక్కన బస్సు. అక్క నా చెయ్యి పట్టుకుని ఉంది, గోళ్లు దిగుతున్నాయి. నాకు ప్రార్థన కూడా గుర్తుకు రాలేదు. ఒక ఊపిరి వచ్చాక ఇంకోటి వస్తుందా రాదా అని లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. పద్నాలుగో దాని తర్వాత ఆ గోళ్ల పట్టు సడలింది. ఆ క్షణం నేను పెట్టిన కేకకి ట్రాక్టరువాడు ఏకంగా కాలవ పక్కకి దించేశాడు.

ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు, నెబ్యులైజర్ పెట్టారు, సూదిమందు ఇచ్చారు. అరగంటకి పెదాల్లో రంగు తిరిగింది. అప్పుడు డాక్టరు మేఘన గారు మా బావగారి వైపు తిరిగారు.

"ఏంటండీ మీ నెత్తి మీద?"

కంగారులో మాస్కు పైకి నెట్టుకుని అలాగే ఆటో ఎక్కాడు. ఆయనకే తెలియదు, నేనూ గమనించలేదు.

"మాస్కండి. మోడల్ బస్సులకి క్లియర్ కొడతానండి. అది విషమండి, పీల్చకూడదు."

"మీరు కొట్టేటప్పుడు ఈమె ఎక్కడుంటారు?"

"కొట్టేటప్పుడు ఉండదండి. కొట్టగానే వచ్చి నలుసులు తీస్తది."

"మరి ఈమె మాస్కేదండీ?"

బావగారి చెయ్యి తల మీదికి వెళ్లి అక్కడే ఆగిపోయింది. ఆ ముఖం నేను మర్చిపోలేను. అంతవరకు ఆయన్ని చంపేయాలన్నంత కోపంగా ఉన్నదాన్ని, ఆ ముఖం చూసి తల తిప్పుకున్నాను.

హార్డెనర్లో ఉండే మందుకి ఊపిరితిత్తులు ఒకసారి ఎదురు తిరిగితే ఇక రవ్వంత కూడా ఓర్చుకోవని డాక్టరు గారు చెప్పారు. మాస్కు పెట్టుకుని అయినా సరే, అక్క ఇక ఆ గదిలో అడుగు పెట్టకూడదు. మళ్లీ ఇలా వస్తే ఆసుపత్రి దాకా రాకపోవచ్చు అని కూడా అన్నారు.

శుక్రవారం సాయంత్రం అక్కని పంపిస్తామన్నారు. మధ్యాహ్నం బట్టల కోసం నేను వాళ్లింటికి వెళ్లాను. గేటు తీస్తుండగానే కంప్రెసర్ చప్పుడు వినపడింది.

వెనకగది తలుపు తోశాను. బావగారు మాస్కు పెట్టుకుని ఉన్నాడు, బల్ల మీద కప్పులో క్లియర్ కలిపి ఉంది. నిన్న అక్క చేతిలోంచి జారిన సూది బస్సు టాపు మీద అతుక్కుపోయి ఆరింది. దాని వెంట వేలెడు పొడవు గీత.

"ఏం చేస్తున్నారు?"

"గీత అరగదీసి ఒక్క కోటు వేస్తానమ్మా. రేపే ఫంక్షను. రిబ్కా ఇంట్లో లేదుగా. సాయంత్రానికి వాసన పోద్ది."

"వాసన పోతే మందు పోతుందా? ఆ వాసన థిన్నరుది! అసలు మందుకి ఆ మాత్రం వాసన కూడా ఉండదని నిన్న డాక్టరమ్మ మీ ఎదురుగానే చెప్పింది. చెవులు కూడా మాస్కులో పెట్టి మూశారా?"

హార్డెనర్ డబ్బా లాక్కున్నాను. చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాలు. కళ్లజోడు సవరించుకుని ఒక్కో ముక్కా తెలుగులో చెప్పాను. తుంపర పీల్చకూడదు. ఉబ్బసం ఉన్నవాళ్లు దగ్గరికి రాకూడదు. గాలి పైపుతో వచ్చే మాస్కు పెట్టుకుని, పని నేర్చినవాళ్లే వాడాలి. అలర్జీ రావచ్చు. పద్దెనిమిదేళ్లుగా పిల్లలకి ఇంగ్లీషు చెప్తున్నాను. ఏడేళ్లుగా ఆ డబ్బాలు ఆ ఇంట్లో నా కళ్లముందే ఉన్నాయి. ఒక్కసారి చేతిలోకి తీసుకుని చదివిన పాపాన పోలేదు. ఆయన్ని తిట్టే నోరు నన్నూ తిట్టాలి.

"అక్క ఈ సాయంత్రం ఈ గడప దాటాలా వద్దా? మీరే చెప్పండి బావగారూ."

కంప్రెసర్ కొట్టుకుంటూనే ఉంది. ఆయన గన్ వైపు చూశాడు, బస్సు టాపు మీద సూది వైపు చూశాడు. నేను బస్సుకి అడ్డంగా నిలబడ్డాను, కొట్టాలంటే నన్ను దాటాలి అన్నట్టు. చివరికి ఆయన వంగి స్విచ్చి కట్టేశాడు. కలిపిన కప్పు తీసుకెళ్లి పెరటి చివర పెట్టాడు. మాస్కు తీశాక చూస్తే ముఖమంతా తడిసి ఉంది. చెమటో ఏడుపో నేను అడగలేదు.

అక్కని మా ఇంటికి తీసుకెళ్లాను. వాళ్ల వెనకగది ఖాళీ చేసి, తుడిచి, అన్ని రోజులూ కిటికీలు తెరిచి ఉంచాకే, రెండు వారాలకి పంపాను. మిగిలిన డబ్బాలు మూతలు బిగించి బావగారు కొన్న కొట్లోనే తిరిగి ఇచ్చేశాడు.

ఫంక్షన్ రోజు, శనివారం, ఆ బస్సుని గీతతోనే ఇచ్చాడు. సూది ఊడదీసినచోట చిన్న గుంట కూడా ఉంది. శౌరయ్య గారు దాన్ని వేలితో తడిమారు.

"ఇదేంటి కృపానందం, నీ చేతి పనిలో గీత?"

"మా ఆవిడకి ఊపిరాడని రోజు పడిందండి. చెరపాలంటే మళ్లీ ఆ మందే కొట్టాలి. నేను కొట్టనండి."

శౌరయ్య గారు బస్సు సంగతి వదిలేసి, "అమ్మాయి ఎలా ఉంది?" అని అడిగారు.

ఇప్పుడు బావగారు నీళ్లతో కలిపే వార్నిష్ వాడుతున్నాడు, అదీ రెడ్డిగూడెంలో వాళ్లన్న మామిడితోటలోని రేకుల షెడ్డులో. అప్పుడు కూడా మాస్కు పెట్టుకుంటాడు. అక్కడే స్నానం చేసి, బట్టలు మార్చుకుని ఇంటికి వస్తాడు. బస్సు మాత్రం పూర్తిగా ఆరేదాకా, వారం పాటు, ఇంటికి రాదు. ఆ మెరుపు ఇక రాదు, నలుసులు తీసే కళ్లూ అక్కడ లేవు.

పోయిన ఆదివారం ఒక బస్సు ఇంటికి తెచ్చాడు. అక్క దాన్ని వెలుతుర్లో పెట్టి అటూ ఇటూ తిప్పింది. ఇప్పుడు క్వైరులో పాడటం లేదు, బెంచీలో కూర్చుని వింటుంది. మెట్లెక్కినా ఆగాలి. కళ్లు మాత్రం అవే.

"ఎనిమిది ఉన్నాయండీ. ఇదిగో, అద్దం పక్కన ఒకటి పెద్దదే ఉంది."

ఒకప్పుడు ఒక్క నలుసు మిగిలిందని అన్నం మానేసిన మనిషి.

"ఉండనీ" అన్నాడు.

బస్సు వంక చూడనే లేదు. తల కాస్త వంచి, ఆమె ఊపిరి చప్పుడు వింటున్నాడు.