పద్నాలుగో ప్రశ్నలో బొమ్మ

"గదిలో మరో గొంతు వినిపించింది. మీ పరీక్ష రద్దయింది." కంప్యూటర్ ఈ మాటలు ఇయర్‌ఫోన్‌లో ఆమెకు చెప్పేసిన తర్వాతగానీ నేను తెర మీద చూసుకోలేదు. ఆ మరో గొంతు నాది.

ఇందుకూరుపేటలో మా ఎదురింటి అమ్మాయికి పుట్టుకతోనే చూపు లేదు. తండ్రి రొయ్యల గుంటల మీద కాపలా ఉండేవాడు. చిన్నప్పుడు ఆయన వెంట గట్ల మీద తిరిగింది. నీళ్లలోంచి మేత పళ్లెం పైకి లాగి, మిగిలిన మేతను వేళ్లతో తడిమి, రొయ్య తింటున్నదో లేదో చెప్పేది. రొయ్యల రైతులకు ఫోన్‌లో సలహాలిచ్చే ఉద్యోగం ఒకటి పడింది. ఆన్‌లైన్ కోర్సు పాసైనవారికే అన్నారు. తెర మీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌తో పాఠాలన్నీ పూర్తి చేసింది.

మా ఇంట్లో నెట్ బాగుంటుందని పరీక్షకు వచ్చింది. పక్కనుంచి ఎవరూ జవాబు అందించకుండా కంప్యూటరే కెమెరాలో చూస్తూ, మైకులో వింటూ ఉంటుంది. కెమెరాను ఆమె ముఖానికి ఎదురుగా సర్దడం వరకే నా పని.

"అన్నా, ఇంక నోరు తెరవబాకు. అయ్యేదాకా నువ్వు లేనట్టే."

"పేపరాఫీసులో కూడా నన్ను అట్టానే చూసినార్లేమ్మా."

నవ్వి, మొదలుపెట్టింది. పదమూడు ప్రశ్నలు చకచకా అయిపోయాయి. పద్నాలుగో దగ్గర వేలు ఆగింది. బొమ్మలోని పళ్లెం చూసి, మేత పెంచాలో తగ్గించాలో చెప్పమన్నారు. ఆ బొమ్మలో ఏముందో మాటల్లో ఎవరూ రాయలేదు. సాఫ్ట్‌వేర్ "బొమ్మ" అని ఊరుకుంది. ఆమె మళ్లీ నొక్కింది. మళ్లీ నొక్కింది.

నేను పత్రికలో మొదట చేరింది ప్రూఫు విభాగంలో. ఒకరు పైకి చదివితే ఒకరు దిద్దేవాళ్లం. పక్కవాళ్ల వేలు ఆగిందంటే చదివేయడం నోటికి అలవాటైపోయింది.

"పళ్లెంలో సగం మేత మిగిలిపోయుంది," అనేశాను.

ఆమె ఇయర్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది.

"ఎవురడిగినారన్నా నిన్ను?" మళ్లీ తనే అన్నది: "ఆ పళ్లెంలో చెయ్యి పెట్టనిస్తే నేనే చెప్పుండేదాన్ని గదా."

తప్పు నాదేనని, బొమ్మకు వివరణ లేకపోవడం వల్లే జరిగిందని కోర్సువాళ్లకు రాశాను. గొంతు విషయం పరిశీలిస్తున్నామని జవాబొచ్చింది. బొమ్మ గురించి అందులో ఒక్క ముక్క లేదు.

ఉద్యోగానికి దరఖాస్తు గడువు ఈ శుక్రవారం. పరీక్ష మళ్లీ పెడతారో లేదో ఇంతవరకు చెప్పలేదు.