రాజంపేట కుర్చీకి చివరి నిమిషం పాట

నెట్ సెంటర్లో మూల కంప్యూటర్ ముందు కూర్చుని, తెర మీది గడియారం సున్నాకు దిగడం చూస్తూ, 'ఇంకా ఎవరూ పెంచలేదేమి?' అనుకున్నానే, సరిగ్గా ఆ క్షణంలో గడువు తీరిపోయింది. ఎదురుగా ఒక కటింగ్ షాపు కుర్చీ ఫోటో. దాని కింద నా పేరు. పేరు పక్కన నాలుగు వేల రూపాయలు. ఆ రోజుల్లో ప్రమాదమనేది లారీ రూపంలోనో, పిచ్చికుక్క రూపంలోనో, సరిగా కాగని పాల రూపంలోనో వస్తుందని నమ్మి, పిల్లలిద్దరినీ కొంగుకు ముడేసుకున్నట్టు తిరిగేదాన్ని. చుట్టూ తిరిగే కుర్చీ రూపంలో వస్తుందని, దాన్ని నేనే వేలితో నొక్కి మరీ పిలుచుకుంటానని కలలో కూడా అనుకోలేదు.

ఇందులో తప్పంతా నాది కాదు. కొంత మా ఊరి చర్చిది (ఈ మాట మా అమ్మ చెవిన పడితే ఆదివారం దాకా నాతో మాట్లాడదు). నందికొట్కూరు దగ్గర మా పల్లెలో ఏటా కోత పండుగ జరిగేది. ఎవరి చేలో పండింది వాళ్ళు తెచ్చి చర్చి ముందు పెడితే, ఆరాధన అయ్యాక పాస్టరు అయ్యగారు వాటిని వేలం పాటకు పెట్టేవారు. రెండు రూపాయల గుమ్మడికాయ రెండొందలకు పోయేది. ఒక కోడిగుడ్డు నాలుగు సార్లు అమ్ముడుపోయేది, ఎందుకంటే కొన్నవాళ్ళు డబ్బు కట్టి 'మళ్ళీ పాటకు పెట్టండయ్యా' అని గుడ్డు తిరిగి ఇచ్చేవాళ్ళు. కొనడం కంటే పాట పెంచడం పుణ్యం. మా నాయన దగ్గర కొనేంత డబ్బు ఎప్పుడూ లేదు గాని, పెంచడంలో ఆయన్ను మించినవాడు లేడు. చివరిదాకా ఊరుకుని, అయ్యగారు గంట కొట్టబోయే ముందు ఒక్కసారిగా పెద్ద అంకె చెప్పేవాడు. వెంటనే ఎరువుల కొట్టు పెద్దాయన రోషంతో ఇంకో యాభై వేసి పాట కొట్టేసేవాడు. నాయన చొక్కా దులుపుకుని, 'చూస్తివా పాపా, పైసా ఖర్చు లేకుండా దేవుని పనికి యాభై తెప్పిస్తిని' అనేవాడు.

ఈ చదువుతో పాటు బీఎస్సీ కూడా చదివి, పెళ్ళయి కర్నూలు చేరి, ఇద్దరు పిల్లల తల్లినయ్యాక ఇంటర్నెట్లో వేలం పాటలు కనిపించాయి. నేను వెళ్ళింది పాపకు పాత పుస్తకాలు చవగ్గా దొరుకుతాయేమోనని. కానీ అక్కడ ఎవరిదో ఇత్తడి బిందె నలభై రూపాయల దగ్గర ఆగిపోయి దీనంగా కనిపించింది. పాపం అనిపించి, గడువు తీరే ముందు నూరు చేశాను. వెంటనే ఎవరో నూట పది చేసి తీసుకుపోయారు. ఆహా, ఎంత తృప్తి! తర్వాత ఒక టైపు మిషన్‌కు సాయం చేశాను, ఒక పాత రేడియోకు చేశాను. ప్రతిసారీ ఎవరో ఒకరు నా మీద పాడేవాళ్ళు. గంటకు పదిహేను రూపాయలు నెట్ సెంటర్ భాయ్ చేతిలో పెట్టి, దానధర్మాలు చేసిన రాణిలా ఇంటికొచ్చేదాన్ని.

ఆ కుర్చీ ప్రకటన రాజంపేట నుంచి. 'మా నాయన ముప్పై ఏండ్లు వాడిన కుర్చీ. చుట్టూ తిరుగుతుంది. తల ఆనించుకునేది కూడా ఉంది. మంచి ధర ఇవ్వగలరు' అని రాసి ఉంది. నా గుండె కరిగిపోయింది. ఐదొందల దగ్గర మొదలుపెట్టాను. అవతల ఎవరో ఒకాయన ఆరొందలన్నాడు. నేను వెయ్యి, ఆయన పన్నెండొందలు. మహా పౌరుషం గల మనిషి, మా ఎరువుల కొట్టు పెద్దాయనకు తమ్ముడిలా ఉన్నాడు. ఆయన మూడు వేల తొమ్మిదొందలకు వచ్చాక, ఇంకొక్క నిమిషం ఉందనగా, నాయన పద్ధతిలో నాలుగు వేలు కొట్టి చేతులు కట్టుకుని కూర్చున్నాను. బ్యాంకులో ఉన్నదే నాలుగు వేల రెండొందలు. అది పాప ఒకటో తరగతి ఫీజు. కట్టడానికి మర్నాడే ఆఖరు రోజు. అయినా భయం లేదు, ఆయన పెంచుతాడు కదా! ఆయన పెంచలేదు. ఎరువుల కొట్టు పెద్దాయనలు కంప్యూటర్లో ఉండరని నాకప్పుడు తెలిసింది.

నెట్ భాయ్ నా భుజం మీదుగా చూసి, "ముబారక్ అమ్మా, మీకే వచ్చినాది! అంగడి పెడతాండారా?" అన్నాడు.

"లేదు భాయ్, ఇది తిరిగి ఇచ్చేస్తా. మళ్ళీ పాటకు పెట్టమనండి."

"తిరిగి ఇచ్చేదేందమ్మా? దుడ్లు కట్టాల. మీ ఇంటి ఫోన్ నంబరు గూడా అమ్మేటాయనకు పోయింటాది ఈ పాటికి."

నేను ఇల్లు చేరేసరికి ఫోన్ రానే వచ్చింది. మా ఆయన రిసీవర్ చేతిలో పట్టుకుని, నన్ను పైనుంచి కిందికి చూసి, "రాజంపేట నుంచి ఎవురో. నువ్వు కుర్చీ గెలిచినావంట. యాడ పందెమాడినావు?" అన్నాడు. పిల్లలిద్దరూ అన్నం పళ్ళేలు వదిలేసి నా చుట్టూ మూగారు.

"అక్కా, రేపు పొద్దున్నే లారీకి ఎక్కిస్తా," అంది అవతలి గొంతు ఉత్సాహంగా. "కర్నూల్లో యాడ దించాల?"

"తమ్ముడూ, అది బరువుంటాదా?"

"ఇనుమక్కా! నలుగురు పట్టాల."

మేముండేది మేడ మీద. మెట్ల మీద ఇద్దరు ఎదురుపడితే ఒకరు వెనక్కి దిగాలి. నాకు ఏడుపొచ్చింది. "తమ్ముడూ, నాకు కుర్చీ వద్దప్పా. నీకు మంచి ధర రావాలని పెంచినా, అంతే. ఆ దుడ్లు మా పాప ఫీజు."

"మీరు గూడా అంతేనా?" అన్నాడు నీరసంగా.

"మీరు గూడా అంటే?"

"మీ మింద పాడినాడే, ఆయన మా బావక్కా. ధర లేయాలని నేనే కూచోబెట్టినా. మూడు వేల తొమ్మిదొందల కాడ ఈడ కరెంటు పోయింది. వచ్చేసరికి పాట మీ పేరున అయిపోయింది."

ఇంతలో వెనక నుంచి ఇంకో ముసలి గొంతు. "ఒరే, నా కుర్చీ ఎవురు అమ్ముతాండారు రా?" ఫోన్ చేతులు మారిన చప్పుడైంది. "అమ్మా, ఎవురమ్మా నువ్వు? నీకు కుర్చీ కావాల్నా?"

"వద్దు పెద్దాయనా."

"మా అల్లునికి గూడా వద్దంట. వాని నెత్తిన వెంటికే ల్యాదు, వానికి కుర్చీ ఏల? నాకు అమ్మాలని ల్యాదు. చేయి వణుకుతాందని వీడు అంగడి మూయిచ్చినాడు గాని, నేను దాంట్లోనే కూచోని మాట్లాడతాండా ఇప్పుడు. కొనేటోడు లేడు, అమ్మేటోడు లేడు, ధర మాత్రం నాలుగు వేలు! ఇదేం పాటమ్మా?"

ఆయన నవ్వాడు. నేనూ నవ్వబోయాను గాని, కొడుకు మళ్ళీ ఫోన్ తీసుకుని, అమ్మకం రద్దు చేస్తాననీ, అయితే పాడి కట్టనివాళ్ళ పేరు పక్కన ఎర్ర గుర్తు పడుతుందనీ, ఏమీ అనుకోవద్దనీ చెప్పాడు. ఫోన్ పెట్టేశాక మా ఆయన పిల్లలిద్దరినీ మళ్ళీ పళ్ళేల దగ్గర కూర్చోబెట్టాడు. "అది పాప ఫీజు కదా," అన్నాడు చివరికి, మెల్లగా. అరిచి ఉంటే బాగుండేది. నా ముఖం చూసి ఆయనే, "రెండొందలు మిగిల్చినావులే, దువ్వెన, కత్తెర వచ్చేవి," అన్నాడు.

ఆ రాత్రి ఆ ఎర్ర గుర్తు స్కూలు వాళ్ళకు కనిపిస్తుందేమో, రేషన్ కార్డు మీదికి ఎక్కుతుందేమో అని దొర్లుతూనే ఉన్నాను. (ఇన్నేళ్ళయినా ఎవరికీ కనిపించలేదు. అయినా ఏదైనా ఆఫీసులో కంప్యూటర్ వైపు చూస్తూ నా పేరు అడిగితే, ఇప్పటికీ గొంతు తగ్గించే చెబుతాను. అప్పటి నా అంత దయగల అమ్మాయిని, అంత తెలివితక్కువ అమ్మాయిని మళ్ళీ ఎక్కడా కలవలేదు.)

పొద్దున్నే మా చిన్నోడు కళ్ళు నులుముకుంటూ, "అమ్మా, తిరిగే కుర్చీ వచ్చిందా?" అన్నాడు. పాప అప్పటికే దాన్ని కిటికీ పక్కన ఎక్కడ వేయాలో చూపిస్తోంది. రాత్రంతా ఆశ గురించి, అజాగ్రత్త గురించి పెద్ద పెద్ద మాటలు కూడబెట్టుకున్నాను. అవేవీ నోటికి రాలేదు.

"రాదు నాయనా, తాత కూచోనుండాడు దాంట్లో," అన్నాను. "లేయండి, తలలు దువ్వుకోండి. బ్యాంకుకు పోయి, ఆణ్నుంచి బడికి పోయి అక్క ఫీజు కడదాం. దోవలో ఎవురైనా ఏమైనా పాట పెట్టింటే, నా చేతులు చెరొకటి గట్టిగా పట్టుకోండి. నోరు నేను మూసుకుంటా."