పిన్ని గీసిన నడకలు

పదిహేను రోజుల కిందట, ఆఫీసులో మీటింగు మధ్యలో ఉండగా బాబాయి ఫోన్ చేశాడు. "మీ పిన్ని ఎల్లిపోనాదమ్మా" అన్నాడు. ఆ ఒక్క ముక్కా అని ఫోన్ పట్టుకునే ఉన్నాడు. వెనక సంత్రాగాఛి రైలు యార్డులో ఇంజను చప్పుడు వినిపిస్తోంది.

ఆవిడ నాకు రక్తసంబంధం కాదు. రైల్వే క్వార్టర్సులో మా పక్కవాటా. మా రెండు కుటుంబాలూ రైల్వే ఉద్యోగాలకని శ్రీకాకుళం వైపు నుంచి ఈ బెంగాలీ ఊరికి వచ్చినవే. పిల్లల కోసం బొమ్మల కథలు తీసే ఒక చిన్న యానిమేషన్ స్టూడియోలో పిన్ని ఇరవయ్యేళ్ళకు పైగా బొమ్మలు గీసింది. నాకు ఆ పని నేర్పింది ఆవిడే. ఈ నాలుగు మాటలూ మీతో చెప్పుకోవడానికి నాకున్న అర్హత అదొక్కటే.

స్టూడియో ఓడరేవు పక్కన వాట్‌గంజ్‌లో ఒక పాత ఇంటి మేడ మీద ఉండేది. యజమానిని అందరం దాదా, అంటే అన్నయ్య, అనేవాళ్ళం. నేను చేరిన మొదటి నెల పిన్ని నన్ను పెన్సిలు ముట్టుకోనివ్వలేదు. రేవులో షిఫ్టు మారే వేళకి గేటు ఎదుట టీ బడ్డీ దగ్గర కూర్చోబెట్టేది.

"ఏటి సూస్తన్నావే?"

"వచ్చేపోయేవాళ్ళని, పిన్నీ."

"కాళ్ళు సూడు. ఆ నీలం చొక్కా ఆయనకి ఇంటికెల్లాలని లేదు. ముఖంలో దాసీగలడు గానీ నడకలో దాయలేడు."

గీయబోయే ముందు కొంగు నడుముకి దోపుకుని వరండాలో ఆ పాత్రలాగే నడిచేది. దొంగలా, కొత్త పెళ్ళికూతురిలా, కడుపు నిండిన పిల్లిలా. కింది వాటా ఆడవాళ్ళు తలలెత్తి నవ్వేవారు. "నవ్వనీవే. ఆళ్ళు నవ్వితే కుదిరినట్టే" అనేది.

ఒక కథలో ముసలావిడ ఇల్లు దాటి నూతి దాకా వెళ్ళాలి. తెర మీద పట్టుమని పది సెకన్లు. పిన్నికి పదకొండు రోజులు పట్టింది. పక్షవాతం వచ్చి, ఆఖరి రోజులు పిన్ని దగ్గరే గడిపిన వాళ్ళమ్మ నడక అది. ఎడమకాలు ఈడుస్తూ, గోడ పట్టుకుని, మధ్యలో ఆగి, ఎవరైనా చూస్తున్నారేమోనని తలెత్తి, మళ్ళీ కదులుతుంది. దాదా చూసి మెల్లిగా, "ఆబార్ దేఖావ్" అన్నాడు. మళ్ళీ చూపించమని.

దాదాకి గుండెజబ్బు వచ్చాక స్టూడియోని ఒక పెద్ద కంపెనీకి అమ్మేశాడు. కొత్తవాళ్ళు మొదటిరోజు అందరికీ పూలగుత్తులిచ్చారు. మీ కళ జోలికి రామన్నారు. ఏడాది తిరక్కుండా మమ్మల్ని సాల్ట్ లేక్‌లో అద్దాల భవనంలోకి మార్చారు. ఒకసారి గీసిన నడకని రెండోసారి గీయక్కర్లేదని కొత్త పద్ధతి పెట్టారు. పాత కథల్లోని నడకలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి నంబర్లిచ్చాం. ఏ పాత్రకి కావాలన్నా ఒక నంబరు తీసి తగిలించుకోవచ్చు. ఆ లైబ్రరీ చూసే పెద్ద ఉద్యోగం నాకిచ్చారు. సంతోషంగా తీసుకున్నాను. ఒక నడకకి పదకొండు రోజులెందుకని పైవాళ్ళు అడిగితే జవాబు తెలిసీ ఊరుకున్నాను. నెలకొకటి తీసే కథలు వారానికొకటి తీశాం. రాజు, సిపాయి, చేపలమ్మే మనిషి అందరూ ఒకేలా నడిచారు.

ఒకరోజు క్యాంటీన్‌లో భోంచేస్తుంటే టీవీలో చిప్స్ ప్రకటన వచ్చింది. మా కంపెనీ చేసిందే. తాగిన దొంగ ఒకడు ఎడమకాలు ఈడుస్తూ, గోడ పట్టుకుని, మధ్యలో ఆగి తలెత్తి చూస్తున్నాడు. వెనక నుంచి పకపకా నవ్వులు. క్యాంటీన్‌లోనూ నవ్వారు. పిన్ని కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసి నా బల్ల దగ్గరికి వచ్చింది.

"అది మాయమ్మ."

"తెలుసు పిన్నీ."

"ఆ నంబర్లలోంచి తీసెయ్యే. నీ సేతిలోనే ఉన్నాది కదా."

"ఇప్పుడది కంపెనీది పిన్నీ. నేను తీయకూడదు."

"సరేనమ్మా" అంది. పుట్టి బుద్ధెరిగి ఆవిడ నన్ను 'ఏమే', 'ఒసే' అనడమే గానీ అమ్మా అనడం ఎరగను. పై అధికారితో అన్నట్టు అంది. ఆ తర్వాత ఎప్పుడూ అలాగే పిలిచింది.

ఇంకో మూడేళ్ళు పనిచేసింది. ఒక్క నడకా గీయలేదు. ఇచ్చిన నంబర్లు తీసి తగిలించేది. ఒక్క తప్పూ ఉండేది కాదు. మేనేజర్లు మెచ్చుకునేవారు. కడుపులో పుండు ముదిరిపోయిందని నాకు ఆవిడ చెప్పలేదు. సంతకం కోసం నా దగ్గరికి వచ్చిన సెలవు కాగితంలో చదివాను.

పిన్ని పోయిన పదకొండో రోజు భోజనాలయ్యాక బాబాయి నన్ను లోపలి గదిలోకి పిలిచాడు.

"మీ ఆఫీసులో మీ పిన్ని సేత్తో గీసిన బొమ్మ ఒకటుంటే తెచ్చియ్యమ్మా. ఫొటో పక్కన పెట్టుకుంటాను. స్టూడియో కాయితాలు ఇంటికి తేకూడదని ఒక్కటీ తేలేదు, పిచ్చిది."

వాట్‌గంజ్ మేడ ఖాళీ చేసినప్పుడు ఇరవయ్యేళ్ళ కాగితాలు రెండు వ్యాన్లకెత్తి చిత్తుకాగితాల వాళ్ళకి పంపేశాం. పంపమని సంతకం పెట్టింది నేనే. అది ఆయనకి చెప్పలేకపోయాను.

"చూస్తాను బాబాయ్" అన్నాను.

"తొందరేటీ లేదమ్మా" అన్నాడు.

ఫొటో పక్కన గోడకి అప్పటికే మేకు కొట్టి ఉంచాడు. కొట్టినప్పుడు రాలిన సున్నం కింద గచ్చు మీద ఇంకా అలాగే ఉంది.