నాలుగో గడిలో మట్టి

మా పక్కింటి అంకుల్ పోయారని నేను ల్యాబ్‌లో ఉండగా తెలిసింది. ఆయన కూతురు, నేను అక్కా అని పిలిచే ఆవిడ, మెసేజ్ పెట్టింది: "నాన్న పొద్దున నిద్రలోనే వెళ్లిపోయారు." చేతి తొడుగులు తీసి రెండోసారి చదివాను. కిటికీలోంచి కనిపించే కొండల మీద ఇంకా మంచు పడలేదు. నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. మంచు పడేదాకా, ఇంకో మూడు వారాలు ఆగితే ఏం పోయేది? ఆ కోపం ఎవరి మీదో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

అంకుల్ బెజవాడలో ఒక పిల్లల మాసపత్రికలో ముప్పై ఏళ్లు పనిచేశారు. విదేశాల నుంచి వచ్చే బొమ్మల కథల్లో ఇంగ్లీషు మాటల మీద తెల్లరంగు పూసి, ఆరాక పాళీతో తెలుగు మాటలు రాయడం ఆయన పని. ఆంటీ పోయాక ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రా వచ్చి, మేముండే హారిసన్ పేటలో అక్క దగ్గర ఉండేవారు. వచ్చేటప్పుడు పాళీలు, తెల్లరంగు సీసా, కాగితాల కట్ట ఒకటి తెచ్చుకున్నారు.

మా ఇంట్లో బడికి వెళ్లినవాళ్లలో నేనే మొదటిదాన్ని. పాఠ్యపుస్తకం తప్ప వేరే పుస్తకం ఎరగను. ఇరవై నాలుగేళ్ల వయసులో, మాస్టర్స్ పూర్తి చేశాక, బొమ్మల కథ ఎలా చదవాలో అంకుల్ దగ్గర నేర్చుకున్నాను. ఏ మాట ముందో ఏది తర్వాతో తెలియక తికమకపడితే, "పైనున్నవాడు ముందు మాట్లాడతాడమ్మాయ్, మన ఇళ్లలోలాగే" అన్నారు.

ఆయన ఎక్కువగా చూపించింది ఒకే కథ. మంచు పడి బడికి సెలవిస్తారు. ఒక పిల్లాడు మంచుతో పంతులమ్మ బొమ్మను చేసి, ఆమెకే పాఠం చెప్తాడు. నాలుగు గడులు, అంతే. నాకు ఆ పిల్లాడంటే ఒళ్లు మండేది.

"బడి లేదని ఎగురుతున్నడు చూడండి అంకుల్. పనీపాటా ఏం లేదా వీనికి?"

"లేకేం? పొద్దున్నించీ పంతులమ్మని కడుతున్నాడుగా. ఊపిరాడని పని."

"మా అమ్మ చూస్తే రెండు పీకుతది."

"పీకనీ. వీపు రుద్దుకుంటూ ఇంకో పంతులమ్మని చేస్తాడు. నువ్వు ఆడుకోలేదని వాణ్ణి కూడా ఆడుకోనివ్వవా ఏంటి?"

ఆ మాట గుచ్చుకుంది. రెండు రోజులు వాళ్లింటికి వెళ్లలేదు. మూడో రోజు వెళ్లి, నేనూ ఆడుకున్నానని చెప్పాను. బడిలో వేయకముందు మేకలు కాసేటప్పుడు చిన్న రాళ్లను వరసగా కూర్చోబెట్టి, ఎదురుగా పెద్ద రాయిని సార్‌గా నిలబెట్టేదాన్ని. బడి కిటికీ దగ్గర విన్న ఎక్కాలు ఆ రాళ్లకు అప్పజెప్పేదాన్ని. అంకుల్ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"ఆ రాయికి పేరేమైనా పెట్టావా?"

"సార్‌కు ఎవరన్నా పేరు పెడతరా అంకుల్? సార్ అనే పిలుస్తం."

ఆ కథ మీద ఆయనకు ఎందుకంత పట్టో ఆ రోజే చెప్పారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆయన చేతికి వచ్చిన మొదటి మంచు కథ అదే. గీసినాయన మంచుకు ఒక్క గీత కూడా గీయలేదు, కాగితాన్ని తెల్లగా వదిలేశాడు. అంకుల్ అది చూసి అచ్చు సరిగ్గా పడలేదనుకున్నారు. పాపం నేల మర్చిపోయారని నాలుగు గడుల్లోనూ చుక్కలు పెట్టి మట్టి వేశారు. రాళ్లు, గడ్డి దుబ్బులు కూడా వేశారు. పత్రిక వచ్చాక ఒక పాప ఉత్తరం రాసింది: 'ఆ అబ్బాయి స్వెటర్ వేసుకుని మట్టిలో ఎందుకు ఆడుతున్నాడు?' ఆఫీసంతా ఏడాది పాటు నవ్వారట.

ఆయన మాత్రం ఆ అసలు కాగితాన్ని దాచుకున్నారు. హారిసన్ వచ్చాక దాన్ని ముందేసుకుని, ఒక్కో చుక్క మీదా తెల్లరంగు పెట్టడం మొదలుపెట్టారు. మూడు గడులు తెల్లబడ్డాయి. నాలుగోది ముట్టుకోలేదు.

"చూడకుండా ఒకసారి వేసి నవ్వులపాలయ్యాను. ఈ గడి మాత్రం మంచు కళ్లారా చూశాకే" అన్నారు.

"నేను తీస్కపోత అంకుల్" అన్నాను. అలా మాటిచ్చాను.

మంచు మాకు గంట దూరం. మూడు చలికాలాలు గడిచాయి. మొదటి ఏడు నాకు లైసెన్సు రాలేదు. రెండో ఏడు బయల్దేరాం. అంకుల్ రెండు స్వెటర్లు, మంకీ క్యాప్ వేసుకుని, ఒళ్లో పులిహోర డబ్బా పెట్టుకుని కూర్చున్నారు. కొండ కింద రోడ్డు మూసేసి ఉంది, మంచు ఎక్కువగా పడిందట. "మంచు ఎక్కువై మంచు చూడనివ్వరన్నమాట" అని ఆయన నవ్వారు. కారులోనే పులిహోర తిని వెనక్కి వచ్చాం. పోయినేడు ల్యాబ్‌లో నా డ్యూటీ రోస్టర్ మారుతూనే ఉంది. దొరికిన ఒక్క ఆదివారం ఆయనకు దగ్గు. "వచ్చే వీకెండ్ చూద్దాంలే, చలికాలం ఎక్కడికీ పోదుగా" అంది అక్క. సరే అన్నది నేనే. వచ్చే వారం వానకు మంచంతా కరిగిపోయింది. షిఫ్ట్ మార్చమని మా సూపర్‌వైజర్‌ను ఒక్కసారైనా గట్టిగా అడగలేదు. బడిలో మొదటి రోజు నుంచీ నాకున్న జబ్బు అది, అడిగితే పేరు కొట్టేస్తారని భయం.

పోయిన నెల అక్కా నేనూ కొండ మీదికి వెళ్లాం. రోడ్డు తెరిచే ఉంది. కాగితంలో ఉన్నంత తెలుపు చూస్తాననుకున్నాను. అక్కడ మంచు వేలెడు లోతు కూడా లేదు. వందల బూట్లు తొక్కిన నేల నల్లగా పైకి తేలింది. రాళ్లు, యూకలిప్టస్ ఆకులు, మధ్యమధ్య గడ్డి దుబ్బులు. లావు కోటు, గ్లౌవ్స్ వేసుకున్న ఒక పాప మంచు ముద్దను దొర్లించుకుంటూ పోతోంది. ముద్ద బెల్లం రంగులో ఉంది.

అక్క ఆ నేలను చూసి, "నాన్న వేసిందిదే కదే" అంది.

నాకు నవ్వొచ్చింది, వెంటనే ఒళ్లు మండింది. గంట దూరం. "మీరు వేసింది తప్పు కాదంకుల్" అని చెప్పడానికి గంట దూరం కారు నడపలేకపోయాను.

ఆ కాగితాన్ని, తెల్లరంగు సీసాను అక్క నాకిచ్చింది. సీసా మూత చుట్టూ రంగు ఎండి బిగుసుకుపోయింది. దాన్ని తీయాలని నేను చూడలేదు. వేలితో తడిమితే మూడు గడులు గరుగ్గా తగులుతాయి. నాలుగో గడిలో ఆ పిల్లాడు స్వెటర్ వేసుకుని, గడ్డి దుబ్బుల మధ్య మట్టిలో నిలబడి, పంతులమ్మకు పాఠం చెప్తూనే ఉన్నాడు.