బానెట్టు మీద బూడిద

నా చిన్నప్పుడు నన్ను ఎవరైనా మెచ్చుకున్నారంటే అది ఇత్తడి తోమినందుకే. చదువు అంతంత మాత్రం, పాట రాదు, ముగ్గు వేస్తే వంకరపోయేది. కానీ చింతపండు, పొయ్యిలో బూడిద, కొబ్బరి పీచు ఇచ్చి బిందె ముందు కూర్చోబెడితే చాలు, ముఖం చూసుకునేట్టు తోమి పెట్టేదాన్ని. పండగ వస్తే చుట్టుపక్కల వాళ్ళు కూడా నన్ను పిలిచేవాళ్ళు. తొమ్మిదేళ్ళకే నాకు దాని గురించి కొంచెం తలపొగరు కూడా ఉండేది.

ఆ ఏడు వేసవి సెలవుల్లో అమ్మ నన్ను వెంటబెట్టుకుని సిరిగేరి నుంచి కూరెకుప్పకు, మా మామ ఇంటికి వెళ్ళింది. మామ అంటే అమ్మకు అన్న. గనుల నుంచి రైలు స్టేషనుకు లారీల్లో ఇనుపరాయి తోలించేవాడు. అత్తకు పెళ్ళయిన ఏడేళ్ళకు కాన్పు వచ్చింది. ఆమెకు తల్లి లేదు కాబట్టి పుట్టింటివాళ్ళు చేయాల్సినవి కూడా మావాళ్ళే చేస్తున్నారు. ఆడపిల్ల పుట్టింది. బళ్ళారి కంటోన్మెంటులోని ఆసుపత్రిలో అత్తకు తోడుగా అమ్మ ఉండిపోయింది. ఇంట్లో మామ, మా అవ్వ, నేను మిగిలాం.

మామకు ఒక నల్ల అంబాసిడర్ ఉండేది. ఎవరో వాడి అమ్మేసింది కొన్నాడు, అయినా కొత్తదాని కంటే ఎక్కువ అపురూపంగా చూసుకునేవాడు. ఆదివారం వస్తే పంచె ఎగగట్టి తనే కడిగేవాడు. లారీ డ్రైవర్లు చెయ్యి వేయబోతే కసిరేవాడు. అత్త మీద ఈగ వాలినా పట్టించుకోడు కానీ కారు మీద వాలితే లేచి వస్తాడని అవ్వ ఎకసెక్కాలాడేది.

బిడ్డను ఇంటికి తెచ్చే ముందు రోజు అవ్వ ఇల్లంతా కడిగించింది. బిడ్డ కన్ను పడే సామానంతా తళతళమని మెరవాలని నాకు పని అప్పగించి, తను వంటింట్లో పడింది. బిందెలు, చెంబులు, దీపపు కుందులు అన్నీ పూర్తి చేశాను. ఇంకా చింతపండు మిగిలింది. అప్పుడు వాకిట్లో నిలబడి ఉన్న కారు కనిపించింది. మామ లారీల దగ్గరకు వెళ్ళాడు. కారు మీద ఎర్ర దుమ్ము దట్టంగా పట్టి ఉంది. బిడ్డ ఈ కారులోనే కదా వచ్చేది, అన్నిటికంటే ముందు దాని కన్ను పడేది దీని మీదే కదా అని నాకు తోచింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

పీట వేసుకుని ఎక్కి, బానెట్టు మీద చింతపండు పులిమి, బూడిద చల్లి, పీచుతో రుద్దాను. రుద్దేకొద్దీ మెరుపు తగ్గుతూ వచ్చింది. ఇత్తడి కూడా మొదట నల్లబడి తర్వాతే మెరుస్తుంది, ఇదీ అంతే అనుకుని ఇంకా గట్టిగా రుద్దాను. చివరికి చెంబుతో నీళ్ళు పోస్తే, ఆ నల్లని బానెట్టు రాసి చెరిపేసిన పలకలా తేలింది. దాని నిండా సన్నటి గీతలు. ఎక్కడ తప్పు జరిగిందో నాకు బొత్తిగా అర్థం కాలేదు. చేసిన పనంతా సరిగానే చేశాను. అదే చింతపండు, అదే బూడిద, అదే చెయ్యి.

ఇంతలో మామ రానే వచ్చాడు. కారు చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఎవురు తోమింది పాపా దీన్ని?" అన్నాడు.

"అవ్వ" అన్నాను. ఆ మాట ఎట్లా వచ్చిందో ఈరోజుకీ తెలియదు. నోరు తెరిస్తే అదే బయటపడింది.

"అవ్వా?" అని మామ నన్ను కింది నుంచి పై దాకా చూశాడు. తర్వాత కోప్పడలేదు, నవ్వలేదు. "సరే, పోయి రెండు బకెట్లు తే" అన్నాడు.

దెబ్బలు పడాల్సిన చోట బకెట్లు ఎందుకో నాకు అంతుబట్టలేదు. మామ కారును వేపచెట్టు నీడలోకి తోసుకొచ్చి, రేకు చల్లారేదాకా ఆగాడు. ఒక బకెట్టులో సబ్బు నీళ్ళు, ఇంకోదాంట్లో ఉత్త నీళ్ళు పెట్టించాడు. ముందు గుడ్డ తగలకుండా పై నుంచి చెంబులతో నీళ్ళు పోయించాడు. "ఈ దుమ్ము మట్టి కాదు పాపా, ఇనుము. పొడిగా తుడిస్తే ఆకురాయి పెట్టి రుద్దినట్టే" అన్నాడు. సబ్బు గుడ్డతో ఒక జాన మేర తుడవడం, ఆ గుడ్డను ఉత్త నీళ్ళలో జాడించడం, మళ్ళీ సబ్బులో ముంచడం. జాడించిన బకెట్టు అడుగున ఎర్రటి ఇసుక పేరుకుంది. నేను పని చేస్తున్నానే కానీ మనసంతా వంటింటి మీదే ఉంది. మామ అవ్వను అడుగుతాడేమో, అడిగితే అవ్వ నా గురించి ఏమనుకుంటుందో అని నాకు ఏడుపు వస్తోంది.

అనుకున్నంతా అయింది. మధ్యాహ్నం అన్నం తింటుండగా మామ అవ్వ వైపు తిరిగి, "అమ్మా, కారు నువ్వు తోమినావంట?" అన్నాడు.

అవ్వ నా వైపు ఒక్క క్షణం చూసి, మజ్జిగ పోస్తూనే, "ఊఁ, నేనే తోమినా. ఏం, తోమకూడదా? ఇంటికి బిడ్డ వస్తాండాది కదప్పా" అంది.

నేను ఆడిన అబద్ధాన్ని అవ్వ నిజం చేసేసింది. కాసేపు నాకు నా మీదే అనుమానం వచ్చింది. నేను చూడనప్పుడు అవ్వ కూడా వెళ్ళి తోమిందా? బతికిపోయానని సంతోషించాలో, అవ్వ మీద నింద పడినందుకు ఏడవాలో తెలియలేదు. మామ మాత్రం "తోమొచ్చులే" అని మజ్జిగ కలుపుకున్నాడు.

మధ్యాహ్నమంతా బానెట్టు దగ్గరే గడిచింది. మామ పాత బనీను చింపి, పాలీషు ముద్ద అద్ది, రెండు వేళ్ళతో చిన్న చిన్న సున్నాలు చుట్టడం చూపించాడు. ఆ తర్వాత మైనం డబ్బా తీశాడు. పల్చగా పూయాలన్నాడు. పూసిన కాసేపటికి బానెట్టంతా పాలిపోయి తెల్లగా అయిపోయింది. అయ్యో, మామకు కూడా చేతకాలేదు, ఇద్దరం కలిసి ఇంకా పాడు చేశామని నేను బెంబేలెత్తిపోయాను. తుడవబోతే "ఆరనీ, జల్దీ వద్దు" అని ఆపాడు. ఆరాక పొడిగుడ్డతో తుడిచాం. గీతలు లేవు! వేపాకులు దాంట్లో కనిపిస్తున్నాయి. మామ అవ్వను బయటికి పిలిచి, "చూడమ్మా, పాప ఎట్ల మెరిపించిందో" అన్నాడు. ఆ పొగడ్త నాకు చెంపదెబ్బలా తగిలింది. అది పొగడ్తో, ఎత్తిపొడుపో కూడా తేల్చుకోలేకపోయాను.

మరునాడు బిడ్డ వచ్చింది. దారి పొడుగునా కళ్ళు మూసుకుని నిద్రపోయింది. కారును కాదు కదా, కన్నతల్లిని కూడా చూడలేదు.

మూడు వారాలకు వాన పడింది. రెండు వానలు, మూడు వానలు. ఒక ఉదయం లేచి చూస్తే బానెట్టు మీద గీతలన్నీ మళ్ళీ తేలి ఉన్నాయి. నా అబద్ధాన్ని వానదేవుడే పట్టిచ్చాడని నమ్మాను. ఆ రోజంతా అన్నం సయించలేదు. సాయంత్రం మామ దగ్గరకు వెళ్ళి వెక్కుతూ, "మామా, అవ్వ కాదు, నేనే" అన్నాను.

"తెలుసులే. మోచేతుల దాకా బూడిద పెట్టుకోని అవ్వ పేరు చెప్తివి. ఆమె వంగితే ఇద్దరు పట్టి లేపాల, ఆమె యాడ తోముతాది?"

"మరి ఎందుకు అడిగితివి?"

"నువ్వు చెప్తావేమోనని."

"మరి అవ్వ నేనే అనిందే?"

"అది నాకూ తెల్దు పాపా. పోయి ఆమెనే అడుగు" అన్నాడు.

పోయిన గీతలు ఎక్కడి నుంచి వచ్చాయని అడిగాను. అవి పోనేలేదట. మైనం వాటిని పూడ్చి కనపడకుండా చేసిందట. వానలకు మైనం కొట్టుకుపోయేసరికి బయటపడ్డాయట. పూర్తిగా పోవాలంటే రంగును గీత లోతు దాకా అరగదీయాలి, అప్పుడు కింద రేకు తేలుతుంది. "దానికంటే గీతలు ఉండనీ. నువ్వు వచ్చినప్పుడల్లా ఇద్దరం మైనం పూద్దాం. బరాబరేనా?" అన్నాడు.

ఆ కారు అమ్మేదాకా, అయిదారేళ్ళు, సెలవులకు వెళ్ళిన ప్రతిసారీ మామ మైనం డబ్బా తీసేవాడు. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. అది శిక్షించడమో క్షమించడమో నాకు తెలియలేదు. ఇప్పుడు నాకు అరవై దాటాయి, ఇప్పటికీ తెలియదు. అవ్వను అడగడానికి నాకు ఏనాడూ ధైర్యం చాలలేదు. ఆమె పోయింది.

ఇంత నేర్చుకున్నదాన్ని, నా కూతురికి ఎనిమిదేళ్ళప్పుడు, అది అబద్ధం చెబుతోందనుకుని, అడగకుండా, ఆగకుండా ఎడమ చెంప మీద కొట్టాను. అది చెప్పింది నిజమేనని సాయంత్రానికి తెలిసింది. ఆ రోజే దగ్గరకు తీసుకుని తప్పయిందని చెప్పాను. ఇప్పుడు దానికి ముప్పై అయిదు. ఎప్పుడైనా ఆ మాట ఎత్తితే, నాకు గుర్తే లేదు పోమ్మా అంటుంది. నిజంగా మర్చిపోయిందో, నా కోసం అట్లా అంటుందో నాకు తెలియదు. అది ఇంటికి వచ్చినప్పుడల్లా తలకు నూనె పెడతాను. పెడుతూ పెడుతూ, ఆ ఎడమ చెంపను ఒకసారి అరచేత్తో నిమురుతాను. ఎందుకని అది ఎప్పుడూ అడగదు. చెంపను ఇటు తిప్పి, కళ్ళు మూసుకుంటుంది.