లక్నవరం వంతెన మీద అత్తమ్మ, నేను

మా ఆయన ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో డంపర్ లారీ నడిపేవాడు. ఒకరోజు పొద్దున షిఫ్టుకు బయల్దేరుతూ, బూట్లు వేసుకుంటూనే కూలబడ్డాడు. గుండె ఆగిపోయిందన్నారు దవాఖానలో. కొన్నాళ్లకు ఆయన బదులు నాకు ఉద్యోగమిచ్చారు. గోదావరిఖనిలోనే ఆఫీసు పని. ఫైళ్లు ఒక గదిలోంచి ఇంకో గదికి మోసేదాన్ని.

ఇంట్లో ఏడ్చిందంతా అత్తమ్మే. నాకు ఏడుపు రాలేదు. ఎవరైనా పలకరిస్తే, ఆ మాట ఎక్కడో గోడ అవతల నుంచి వినపడినట్టుండేది.

ఆ చలికాలం ఆఫీసులోని ఆడవాళ్లం వ్యాను మాట్లాడుకుని మేడారం వెళ్లాం. అత్తమ్మనూ తీసుకెళ్లాను. తిరుగుదారిలో లక్నవరం చెరువు దగ్గర ఆగాం. ఒడ్డు నుంచి నీళ్ల మధ్యలోని దీవి దాకా అక్కడ ఇనుప తాళ్లకు వేలాడే వంతెన ఉంది. మనుషులు నడుస్తుంటే ఊగుతుంది.

పెళ్లైన కొత్తలో మా ఆయన నన్ను అక్కడికి తీసుకెళ్లాడు. కాస్త దూరం వెళ్లానో లేదో, పలకల సందుల్లోంచి కింద నీళ్లు కనిపించి కాళ్లు బిగుసుకుపోయాయి. వెనక్కి పరుగెత్తుకొచ్చాను. ఆయనొక్కడే వెళ్లి, అవతల నుంచి చెయ్యి ఊపాడు.

ఈసారి తోటివాళ్లు "వస్తవా అక్కా?" అంటే లేచి వాళ్ల వెనకాలే నడిచాను. కింద నీళ్లు కనిపించాయి. వంతెన ఊగింది. నాకేమీ అనిపించలేదు. ఆఫీసు వరండాలో నడిచినట్టే నడిచాను.

సగం దూరంలో, నా వెంటే వస్తున్న అత్తమ్మ కూర్చుండిపోయింది.

"నాతోని గాదు బిడ్డ. కండ్లు తిరుగుతున్నయ్."

"లే అత్తమ్మా, వెనుక మనుషులు వస్తున్నరు."

ఆమె తాడు వదల్లేదు. "వాడు గీ దారినే పోయిండా?"

"పోయిండు."

"భయపడలేదా?"

"లేదు. నవ్వుకుంట పోయిండు."

ఆమె లేచింది. ఇద్దరం దీవికి చేరాం. "అక్కకు భయం పోయింది" అని, అప్పటి సంగతి నా నోట విన్న తోటివాళ్లు సంబరపడ్డారు. నేను అవునన్నాను. టీ తాగాం.

తిరిగి వస్తుంటే మా ముందున్న కాలేజీ పిల్లలు గంతులేసి వంతెనను ఊపడం మొదలుపెట్టారు. ఉన్నట్టుండి కింద నీళ్లు నా మీదికి లేచొస్తున్నట్టు అనిపించింది. మోకాళ్లు వణికాయి. రెండు చేతులతో తాడు పట్టుకున్నాను.

"అత్తమ్మా, భయమైతాంది."

ఆమె నా ముఖంలోకి చూసింది. ఇన్ని నెలల్లో నాకేమవుతోందో నేను ఆమెకు చెప్పడం అదే మొదటిసారి.

"ఓ పిలగాండ్లు! జర ఆగుండ్రి! నా కోడలు భయపడుతాంది!" అని అరిచింది. వాళ్లు ఆగారు. "నీళ్ల దిక్కు చూడకు. నా కొంగు పట్టుకొని మెల్లగ రా."

కొంగు పట్టుకున్నాను. ప్రతి అడుగుకీ పడిపోతాననే అనిపించింది. అయినా ఇంకో అడుగు వేశాను. వెళ్లేటప్పుడు ఏమీ తెలియకుండా దాటాను. వచ్చేటప్పుడు దాటిందే అసలు దాటడమని ఇప్పుడు అనుకుంటాను.

వ్యాను ఎక్కాక కూడా మోకాళ్ల వణుకు తగ్గలేదు. అత్తమ్మ వాటి మీద చెయ్యి వేసి, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. భూపాలపల్లి దాటేదాకా ఆ చెయ్యి తియ్యలేదు.