నమూనాలో పెట్టిన ఫోను

నేను రాసేవి ఎవరూ చదవరు. ఇరవయ్యేళ్లుగా సాఫ్ట్‌వేర్ కంపెనీలకు డాక్యుమెంట్లు రాస్తున్నాను, ఏది ఎలా వాడాలో, ఏది నొక్కితే ఏమవుతుందో. కొన్నవాళ్లు చదవరు, అమ్మినవాళ్లు చదవరు, చెడిపోయాక ఫోన్ చేసి అడుగుతారు గానీ అప్పుడూ చదవరు. ఈ పనిలో పేరు వస్తుందన్న ఆశకు ఎప్పుడో నీళ్లొదిలేశాను. జీతం కోసం రాస్తాను, తప్పుల్లేకుండా రాస్తాను, అంతే.

పోయినేడాది నాకు అప్పజెప్పింది ఒక కొత్త టూల్. దాంతో ఏఐ ఏజెంట్లు, అంటే ఒకసారి పని చెబితే తమంతట తామే చేసుకుపోయే ప్రోగ్రాములు, ఎక్కడో దూరంగా ఉండి ఫోనుకు కమాండ్లు పంపుతాయి. మెసేజ్ చదువు, ఫొటో తియ్యి, రీస్టార్ట్ అవ్వు, ఇలాంటివి. శంషాబాద్‌లో కిరాయికున్న మేడమీది గదిలో, నెత్తిమీద విమానాలు పోతుంటే, దాన్ని రాసుకుంటూ కూర్చున్నాను. కంపెనీ ఇచ్చిన టెస్టింగ్ ఫోను బ్యాటరీ ఉబ్బి మూలపడింది. ఇంకోటి పంపండి అంటే ఇదిగో అదిగో అన్నారు. గడువు మాత్రం ఒక్క రోజు జరపలేదు.

కింది వాటాలో ఇంటాయన ఉంటాడు. ఎయిర్‌పోర్టు దగ్గర క్యాబ్ నడుపుతాడు. నేను భాయ్ అంటాను, నన్ను అక్కా అంటాడు. ఒక శుక్రవారం ఆయన నమాజుకు బయలుదేరుతుంటే, మీ ఫోను గంటసేపు ఇస్తారా అని అడిగాను.

"తీస్కో అక్కా. మసీదుల ఎట్లాగు బంద్ పెట్టాలె," అని చేతిలో పెట్టి పోయాడు. ఏం చేస్తావని కూడా అడగలేదు.

మా యాప్ ఎక్కించాను. కంపెనీ ట్రయల్ ఖాతాలో ఆ ఫోనును కలిపాను. రీస్టార్ట్ కమాండ్ పంపితే మొదటిసారికే పనిచేసింది. కావలసిన స్క్రీన్‌షాట్లు తీసుకుని, ఆయన రాగానే తిరిగిచ్చేశాను. యాప్ తీసేయడం మరిచిపోయాను.

మా వృత్తిలో ఒక నియమం ఉంది. నమూనా కమాండ్ రాసేటప్పుడు నిజమైన ఫోను గుర్తింపు నంబరు పెట్టకూడదు, దాని బదులు సున్నాలు పెట్టాలి. కొత్తగా చేరినవాళ్లకు ఈ పాఠం చెప్పేది నేనే. ఆ రోజు ఒళ్లు అలసిపోయి, పనిచేసిన కమాండ్‌ను భాయ్ ఫోను నంబరుతో సహా ఉన్నదున్నట్టు డాక్యుమెంటులో అతికించాను. చదివేదెవరులే అనుకున్నాను.

చదివాయి. మా టెస్టింగ్ వాళ్లు ట్రయల్ ఖాతాలోని ఏజెంట్లకు నా డాక్యుమెంటే ఇచ్చి నేర్చుకోమన్నారు. మనుషుల్లా కాదు, అవి అక్షరం వదలవు. ఇన్నేళ్లకు దొరికిన శ్రద్ధగల పాఠకులు నా నమూనాను పొల్లుపోకుండా నడిపారు.

ఆ వారమే కింద గొడవలు మొదలయ్యాయి. ఎయిర్‌పోర్టు పార్కింగ్‌లో క్యాబ్‌లు గంటలకొద్దీ కాచుకుంటాయి. ఎవరి వరుస నంబరు వాళ్ల ఫోనులో ఉంటుంది. ఫోను ఆగిపోయిందంటే ఆ నంబరు పోయి, మళ్లీ అందరికంటే వెనక. భాయ్ ఇంటికొచ్చి, తొమ్మిదో తరగతి చదివే కూతురి మీద ఉర్దూలో అరిచేవాడు, గేములాడి ఫోను ఖరాబు చేశావని, వరుసలో నంబరు పోయిందని. నేను ముట్టలేదు అబ్బాజాన్ అని ఆ పిల్ల ఏడ్చేది. మూడో రోజు దెబ్బ చప్పుడు కూడా వినిపించింది. పిల్లల చేతికి ఫోన్లిస్తే ఇంతే అనుకుని తలుపేసుకున్నాను. పనుంది మరి.

తరువాతి వారం ఇంకో పేజీకి స్క్రీన్‌షాట్ కావలసి, పంపిన కమాండ్ల పట్టిక తెరిచాను. భాయ్ ఫోను గుర్తింపు నంబరు పక్కన రీస్టార్ట్, రీస్టార్ట్, రీస్టార్ట్. అన్నీ ఆయన వరుసలో ఉండే వేళలే. వెంటనే డాక్యుమెంటులో సున్నాలు పెట్టాను, ఖాతాలోంచి ఫోనును తీసేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు.

ఇక ఫోను దానంతటదే బాగవుతుంది, ఎవరికీ చెప్పక్కర్లేదు. ఈ ఆలోచన వచ్చిందని ఒప్పుకోవాలి. ఒక పూటంతా దాన్ని పట్టుకుని కూర్చున్నాను కూడా. కానీ ఇప్పుడు ఫోను బాగైతే, ఆ పిల్ల ముట్టడం మానేసింది కాబట్టే బాగైందని ఇంట్లో అందరూ అనుకుంటారు. నేను నోరు మూసుకుంటే ఆ పిల్ల నేరం రుజువైపోతుంది.

కిందికి దిగాను. భాయ్ కారు తుడుస్తున్నాడు. జరిగిందంతా చెప్పాను. తిడతాడనుకున్నాను, తిట్టినా బాగుండేది. చేతిలో గుడ్డను బానెట్ మీద పెట్టాడు.

"నంబర్ పోతే పోయింది గని అక్కా, బిడ్డను కొట్టిన గద," అన్నాడు. "నాకెందుకు చెప్తున్నవ్? పోయి దానికి చెప్పు."

ఆ పిల్ల ముందు గదిలో హోంవర్క్ రాసుకుంటోంది. తప్పు నాదని చెప్పాను, నీది కాదని చెప్పాను, సిగ్గుపడుతూనే క్షమించమని అడిగాను. ఆ పిల్ల పెన్నుకు మూత పెట్టి నన్ను చూసింది.

"నేను ముట్టలేదని మూడు రోజులు మొత్తుకున్న ఆంటీ. మీకు పైకి వినపడలేదా?"

"వినపడింది," అన్నాను.